చెప్పుల దగ్గర వదిలిన సంచి

పోయినవారం మనం చెంచులక్ష్మిని బ్యాంకాకులో ఒక పెద్ద గుడి మెట్ల మీద నిలబెట్టి వచ్చాం. ఆమె ముందు తొమ్మిది జతల చెప్పులు బుద్ధిగా వరసలో ఉన్నాయి. వాటి పక్కన ఉండాల్సిన నల్ల సంచి లేదు. ఆ సంచిలో తొమ్మిది పాస్‌పోర్టులున్నాయి. నేను చూస్తుంటాలే అన్న కుర్రాడూ లేడు.

అంత విలువైన సంచిని ముక్కూ మొహం తెలియనివాడి చేతిలో పెట్టే మనిషి ఉంటుందా అని వారం రోజులుగా మీరు ఆమెను తిట్టుకునే ఉంటారు. తిట్టండి, కానీ వాళ్ల పద్ధతి కూడా కాస్త వినండి. గిద్దలూరు చుట్టుపక్కల నుంచి తొమ్మిది మంది చుట్టాలు, మార్కాపురంలో ట్రావెల్స్ నడిపే డేవిడ్ వెంట థాయిలాండ్ చూడ్డానికి బయలుదేరారు. మార్కాపురంలో బస్సు ఎక్కకముందే డేవిడ్ గొంతు పోయేలా చెప్పాడు. ఎవరి పాస్‌పోర్టు వాళ్ల ఒంటిమీదే ఉండాలి, దాని జిరాక్సు వేరే సంచిలో ఉండాలి, ఫోటో ఫోన్‌లో ఉండాలి అన్నాడు. అందరూ తలలూపారు. విమానం దిగీ దిగగానే చెంచులక్ష్మి కొడుకు నరేష్ అందరి పాస్‌పోర్టులూ వసూలు చేసి తల్లి సంచిలో పడేశాడు. "మాయమ్మ కాడ ఉంటే లాకర్లో ఉన్నట్టే" అన్నాడు. ఒక్కరూ కాదనలేదు.

ఎందుకంటే శ్రీశైలం పోయినా తిరుమల పోయినా వాళ్లు చేసేది అదే. ఒకరు చెప్పులూ సెల్లులూ సంచులూ ముందేసుకుని బయట కూర్చుంటారు, మిగిలినవాళ్లు దర్శనానికి పోతారు. ఆ ఒకరు ఎప్పుడూ చెంచులక్ష్మే. ముప్పై ఏళ్లు గొర్రెల మందకు కాపలా కాసి ఒక్క పిల్లను కూడా పోగొట్టుకోని మనిషని ఆమెకు పేరు. శుక్రవారం పొద్దున పదింటికి ఆ గుడి ముందర కూడా అలాగే కూర్చుంది. ఊళ్లో మందతో ఉన్న మొగుడు నరసింహులుకు ఫోన్ చేసి, కుంటుతున్న గొర్రె సంగతి అడుగుతుండగా పక్కన ఎవరో అన్నారు.

"అత్తా, మీది గిద్దలూరా?"

పాతికేళ్లు దాటని పిల్లవాడు. తనది కంభమన్నాడు, ఆదిశేషు కొడుకునన్నాడు, పేరు శివకృష్ణ అన్నాడు. ఇంత దూరం వచ్చి దేవుణ్ణి చూడకుండా పోతావా, పోయి చూసి రా, చెప్పుల కాడ నేను కూర్చుంటా అన్నాడు. ఎన్ని గుళ్లకు పోయినా చెంచులక్ష్మితో ఆ మాట అన్నవాళ్లు ఎవరూ లేరు. లోపలికి పోయింది. పది నిమిషాలు కూడా ఉండలేదు.

ఇప్పుడు మధ్యాహ్నం రెండు గంటలు. హోటల్ కింద హాల్లో అందరూ సోఫాల్లో పడి ఉన్నారు. టూరిస్టు పోలీసుల దగ్గరికి వెళ్లి వచ్చారు. పోలీసాయన మర్యాదగానే రాసుకున్నాడు గానీ, పాస్‌పోర్టు నంబర్లు తెస్తే తప్ప కంప్లెయింటు పూర్తికాదన్నాడు. నంబర్లు ఎవరికీ తెలియవు. జిరాక్సులన్నీ మార్కాపురంలో డేవిడ్ ఆఫీసు బీరువాలో ఉన్నాయి. బీరువా తాళంచెవి డేవిడ్ జేబులో, బ్యాంకాకులో ఉంది.

"తాళం పగలగొట్టమని మా తమ్ముడికి చెప్పినా. సాయంత్రానికి నంబర్లు పంపుతాడు" అన్నాడు డేవిడ్, అందరి కంటే నేనే పెద్ద తప్పు చేశానన్న మొహంతో. "ఎంబసీలో ఈరోజు కాగితాలు తీసుకునే టైము దాటిపోయింది. రేపు, ఎల్లుండి సెలవు. సోమవారం పోవాల."

సోమవారం అన్న మాటకు అందరూ ఒక్కసారే చెంచులక్ష్మి కోడలి వైపు చూశారు.

రాధిక దూరంగా, ఒక కుర్చీలో ఒంటరిగా కూర్చుని ఉంది. ఆరేళ్లుగా టీచరు ఉద్యోగం కోసం చదువుతోంది. రెండుసార్లు అర మార్కులో, మార్కులో పోయింది. ఈసారి ఇంగ్లీషు టీచరుగా పేరు వచ్చింది. సర్టిఫికెట్లు చూపించాల్సింది సోమవారం పొద్దున పదింటికి, ఒంగోలులో. రాకపోతే లిస్టులో తర్వాతి పేరుకు పోతుందని కాగితంలోనే రాసి ఉంది. శనివారం పొద్దున తొమ్మిదికి విమానమెక్కితే ఆదివారానికి హాయిగా ఇల్లు చేరతాం కదా అని టూరు మానుకోలేదు.

"వాడు అత్తా అన్నాడు, నువ్వు కరిగిపోయినావు. అంతే గదా అమ్మా?" అన్నాడు నరేష్. అప్పటికి పదోసారి. "తెలుగొచ్చిన దొంగలు ఉండరా ఈడ? కంభం అంటే నమ్మేయడమేనా?"

"పేరు చెప్పినాడు నాయనా. వాళ్ల నాయన పేరు గూడా చెప్పినాడు."

"దొంగతనానికి వచ్చినోడు నిజం పేరు చెప్తాడా యాడన్నా?"

కొడుకు అరుపులు ఆమెకు బాధనిపించలేదు, వాడు చిన్నప్పటి నుంచీ అంతే. కోడలు ఒక్క మాట కూడా అనకపోవడమే ఆమెను కోస్తోంది. రాధిక నంద్యాలలో కోచింగుకు పోయిన ఏడాదంతా ఆమె చంటిబిడ్డను సాకింది తను. లిస్టులో పేరు వచ్చినరోజు రాధిక మొదట కావలించుకుంది మొగుణ్ణి కాదు, తనను. ఆ ఉద్యోగాన్ని ఇప్పుడు తన చేత్తో తానే తీసి ఎవరికో ఇచ్చినట్టయింది. లేచి కోడలి దగ్గరకు పోయి నిలబడింది.

"రాధికా, నన్ను తిట్టు."

రాధిక తలెత్తింది. కళ్లు పొడిగా ఉన్నాయి.

"ఆరేండ్లు అత్తా" అంది. నాలుగు దెబ్బలు కొట్టినా చెంచులక్ష్మికి అంత నొప్పి పుట్టేది కాదు.

ఆమె హోటల్ బయటికి వచ్చి, మెట్ల పక్క నీడలో నిలబడి చెల్లెలికి వీడియో కాల్ చేసింది. చెల్లెలు మల్లిని కంభంలోనే ఇచ్చారు. చెరువు కట్ట వైపు వీధిలో ఇల్లు. వాడు చెప్పింది అబద్ధమైతే అబద్ధమని తేలిపోవాలి, అప్పుడు మనసు రాయి చేసుకోవచ్చు అనుకుంది.

"ఆదిశేషా?" అంది మల్లి. "రైలు గేటు కాడ ఒకాయన ఉండాడు అక్కా, మోటార్లు రిపేరు చేసేటాయన. ఆయనకు కొడుకుండాల. యాడికో పోయినాడని... ఉండు, పోయి అడుగుతా. లైను కట్ చేయొద్దు."

ఫోన్ పట్టుకునే నడిచింది. చెంచులక్ష్మికి తెరమీద కంభం వీధులు ఊగుతూ కనబడ్డాయి. ఎండకు పరదాలు దించిన అంగళ్లు, గేటు పడితే ఆగిన ఆటోలు. ఆ మామూలు వీధిని చూడగానే ఆమెకు దుఃఖం ముంచుకొచ్చింది. తన చేత అక్కడ తప్పు జరిగి ఉంటే ఎవరి కాళ్లు పట్టుకోవాలో తెలిసేది. ఇక్కడ ఏమీ తెలియదు.

కాసేపటికి తెరనిండా ఒక ముసలాయన మొహం వచ్చింది. గెడ్డం మాసి ఉంది. ఫోన్‌ను చెవికి పెట్టుకోబోయి, మళ్లీ మొహం ముందుకు తెచ్చుకున్నాడు.

"అమ్మా, మావోణ్ణి చూసినావంట. నిజమేనా? నడుస్తాండాడా? కాళ్లూ చేతులూ బాగుండాయా?"

దొంగ ఎవడో తేల్చుకుందామని ఫోన్ చేసిన మనిషి చెంచులక్ష్మి. ఇలాంటి ప్రశ్న వస్తుందని అనుకోలేదు.

"బాగుండాడు అన్నా. నడుస్తాండాడు."

"పద్నాలుగు నెల్లమ్మా. కంప్యూటర్లో టైపు కొట్టే పని అని పోయినాడు. అది ఉద్యోగం కాదంట, ఫోన్లు చేయించి జనాన్ని మోసం చేయిస్తారంట, చెయ్యకపోతే కొడతారంట. అయిదు నెల్ల కింద ఒక్కసారి మాట్లాడినాడు. నాయనా అని పిలిచి ఇంకేందో చెప్పబోతాంటే లైను పోయింది. పోలీసులకు చెప్పినాం, కలెక్టరాఫీసుకు పోయినాం. ఉన్నాడో లేడో తెలీదు." ఆయన ఫోన్‌ను ఇంకా దగ్గరికి తెచ్చుకున్నాడు. "ఏం చేస్తాండాడమ్మా ఆడ?"

మీ కొడుకు మా పాస్‌పోర్టులు ఎత్తుకుపోయాడని చెప్పాలి. చెప్పడానికే కదా ఫోన్ చేసింది.

"మా చెప్పుల కాడ కూర్చున్నాడు అన్నా. నన్ను లోపలికి పోయి దేవుణ్ణి చూసి రమ్మన్నాడు."

"అట్లాంటోడేనమ్మా మావాడు" అని ఆదిశేషు భుజం మీది తువ్వాలుతో మొహం కప్పుకున్నాడు. మల్లి ఫోన్ తీసుకుని, ఏడుస్తూనే, తర్వాత చేస్తానని పెట్టేసింది.

మల్లి పెట్టేసిన నిమిషానికే ఫోన్ మళ్లీ మోగింది. ఏదో కొత్త నంబరు.

"అత్తా, నేను." గొంతు వెంటనే గుర్తుపట్టింది. "సంచిలో నీ నంబరు రాసిన చీటీ ఉండాది. పొద్దున చేసిన పనికి నన్ను కొట్టు, చంపు. నాలుగింటికి గుడి ఎదురుగా పడవల రేవు కాడికి రా. సంచి ఇచ్చేస్తా. పోలీసులను మాత్రం తేవద్దు అత్తా."

సంచి పోతే పనికొస్తుందని చెంచులక్ష్మి పేరూ, హోటల్ పేరూ, నంబరూ ఇంగ్లీషులో రాసి అందులో పెట్టింది రాధికే. ఆ గుంపులో డేవిడ్ చెప్పినదాంట్లో కాస్తయినా చెవికెక్కించుకున్నది ఆమె ఒక్కతే.

చెంచులక్ష్మి నరేష్‌కు చెప్పలేదు. చెబితే పోలీసులను వెంటేసుకుని వస్తాడు. కోడల్ని పక్కకు పిలిచి, జరిగిందంతా చెప్పి, "పోయేది నీ ఉద్యోగం గదా. నువ్వు రా నాతో" అంది. రాధిక వెంటనే చెప్పులు వేసుకుంది. టాక్సీలో కూర్చున్నాక కోడలు ఫోన్‌లో ఏదో రాసి పంపడం చెంచులక్ష్మి చూసింది. ఎవరికని అడగలేదు. అడిగే మొహం ఎక్కడుంది?

రేవు దగ్గర జనం కిటకిటలాడుతున్నారు. కొబ్బరిబోండాలమ్మే బండి వెనక, గోడకు ఆనుకుని నిలబడి ఉన్నాడు శివకృష్ణ. అంత ఉక్కలోనూ నిండు చేతుల చొక్కా. పొద్దున చెంచులక్ష్మి చూడలేదు గానీ, ఇప్పుడు చూస్తే ఎడమచేయి మణికట్టు చుట్టూ నల్లగా కమిలి ఉంది. సంచి ఛాతీకి అదుముకుని ఉన్నాడు. రాధికను చూసి ఒక అడుగు వెనక్కి వేశాడు.

"నా కోడలు. భయపడాకు" అంది చెంచులక్ష్మి. "మీ నాయనతో మాట్లాడినా ఇప్పుడే. రైలు గేటు కాడ."

వాడు గోడ వెంట జారి కింద కూర్చున్నాడు. "ఏం చెప్పినావు అత్తా? నేను దొంగనని చెప్పినావా?"

"చెప్పలేదు."

"నాయన ఏమన్నాడు?"

"నడుస్తాండాడా అని అడిగినాడు."

వాడు మోకాళ్ల మీద తల పెట్టుకుని ఏడ్చాడు. చెంచులక్ష్మి వాడి తలమీద చెయ్యి వేయబోయింది. రాధిక గబుక్కున ముందుకొచ్చి వాడి చేతిలోని సంచి లాక్కుని అత్త చేతిలో పెట్టింది.

"లెక్క చూడు అత్తా."

చెంచులక్ష్మి చెయ్యి లోపలికి పెట్టి ఒక్కొక్కటే వేలితో తాకింది. ఎనిమిది. మళ్లీ చూసింది. ఎనిమిదే. పైకి తీసి ఫోటోలు చూసింది. నరేష్‌ది ఉంది, తనది ఉంది, వియ్యంకుడిది ఉంది. ఆమె మొహం చూసే రాధికకు అర్థమైపోయింది.

"నాది లేదు కదూ" అంది.

శివకృష్ణ తలెత్తాడు. "లేదక్కా. పన్నెండింటికే పంపించేసినా."

"ఎవరికి?"

"భవాని అని, మార్కాపురం అమ్మాయి. నాతోపాటు అదే కంపెనీలో ఇరుక్కున్నాది. పన్నెండు రోజుల కింద ఇద్దరం పక్కదేశం నుంచి ఏరు దాటి సరిహద్దు ఈవలికి, థాయిలాండులోకి వచ్చినాం. నేను క్యాబేజీల లారీలో దాక్కుని ఈ ఊరు చేరినా. ఆమెకు జ్వరం, రాలేకపోయింది. ఆ సరిహద్దు ఊర్లోనే ఒక ముసలమ్మ ఇంట్లో ఉండాది. కంపెనీవాళ్లు ఆ ఊరంతా వెతుకుతాండారు. బస్సెక్కితే దారి పొడవునా చెక్‌పోస్టులు. పాస్‌పోర్టు ఉంటే ఫోటో చూసి, ముద్ర చూసి వదిలేస్తారు. లేకపోతే దింపేస్తారు." వాడు రాధిక మొహం వైపు చూసి వెంటనే చూపు తిప్పుకున్నాడు. "నీ ఫోటో చూసినా అక్కా. ముక్కు, నుదురు అంతా భవానిదే. వ్యాను డ్రైవరుకు ఇచ్చి పంపినా. రాత్రి బస్సెక్కుతాది, రేపు మధ్యాహ్నానికి ఈడుంటాది. ఇద్దరం నేరుగా ఎంబసీకి పోయి గేటు ముందు కూర్చుంటాం. నీది నీ చేతిలో పెడతా. నాయన మీద ఒట్టు."

"మా విమానం రేపు పొద్దున తొమ్మిదికి" అంది రాధిక. "సోమవారం నేను ఒంగోలులో ఉండాల. లేకపోతే ఆరేండ్ల చదువు గంగలో కలుస్తాది. అది నీకు తెలుసా?"

"తెలీదక్కా."

"అడగాలనిపించలేదా? ఎత్తుకుపోకుండా, ఇదీ సంగతి అని ఒక్క మాట అడిగి ఉండొచ్చు గదా?"

"అడిగితే ఇచ్చేదానివా?"

పడవ ఒకటి రేవుకు వచ్చి, జనాన్ని దింపి, మళ్లీ ఎక్కించుకుని పోయింది.

"ఇచ్చేదాన్ని కాదు" అంది రాధిక, చివరికి.

ఆ జవాబులోని నిజాయితీకి చెంచులక్ష్మికి కోడలి మీద గౌరవమూ పెరిగింది, భయమూ వేసింది. శివకృష్ణ జేబులోంచి ఫోన్ తీసి ఒక ఫోటో చూపించాడు. చాపమీద పడుకున్న ఆడపిల్ల. పెదవి పగిలి ఎండిపోయి ఉంది. జుట్టు ఎవరో కత్తిరించినట్టు ఎగుడుదిగుడుగా ఉంది. అయినా ఆ నుదురు రాధికదే, ఆ ముక్కు రాధికదే. ఇద్దరినీ పక్కపక్కన నిలబెడితే అక్కాచెల్లెళ్లంటారు.

"పోలీసులకు నీ పాస్‌పోర్టు నంబరు చేరిందంటే భవానిని దారిలోనే పట్టేస్తారు" అన్నాడు వాడు. "పట్టుకుంటే జైలు గూడా కాదక్కా భయం. ఆ ఊర్లో కంపెనీవాళ్లకు తెలియకుండా ఏదీ జరగదు. మళ్లీ ఏరు దాటించేస్తారు."

రాధిక ఫోటో వైపు చూడటం మానేసి రోడ్డు వైపు చూసింది. మొహం తెల్లబోయింది. "అత్తా, నేను టాక్సీలో ఆయనకు మెసేజి పెట్టినా" అంది.

ఆ మాట పూర్తి కాకముందే రోడ్డు పక్క పోలీసు కారు ఆగింది. నరేష్ ముందు దిగాడు, వెనక డేవిడ్, ఆ వెనక పొద్దున కంప్లెయింటు రాసుకున్న పెద్ద వయసు పోలీసాయన, ఇంకొక చిన్న పోలీసు. శివకృష్ణ పరిగెత్తలేదు. పరిగెత్తే ఓపిక కూడా ఉన్నట్టు లేదు. లేచి, గోడకు వీపు ఆనించి, చెంచులక్ష్మి వైపు మాత్రమే చూస్తూ నిలబడ్డాడు.

"వీడేనా? వీడేనా అమ్మా?" అని నరేష్ చెయ్యి ఎత్తబోతే డేవిడ్ పట్టుకున్నాడు.

పోలీసాయన తొందరపడలేదు. సంచి చూశాడు, శివకృష్ణను చూశాడు, పొద్దున తనతో మాట్లాడింది రాధికే కాబట్టి ఆమె వైపు తిరిగి ఇంగ్లీషులో ఏదో అడిగాడు.

"సంచి దొరికిందా, తొమ్మిదీ ఉన్నాయా అని అడుగుతాండాడు" అంది రాధిక, అత్తతో. "ఒక్కటి తక్కువున్నా సరే చెప్పమంటాండాడు. మార్కాపురం నుంచి నంబర్లు వచ్చేసినాయంట. ఇప్పుడే అన్ని చెక్‌పోస్టులకూ పంపిస్తాడంట."

చెంచులక్ష్మి సంచిని రెండు చేతులతో పట్టుకుని ఉంది. కోడలి కళ్లలోకి చూసింది. ఔననో కాదనో ఏదన్నా కనబడుతుందేమోనని చూసింది. ఏమీ కనబడలేదు. ముప్పై ఏళ్లలో మంద లెక్క ఒక్కసారి కూడా తప్పు చెప్పని మనిషి గట్టిగా ఊపిరి పీల్చుకుంది.

"తొమ్మిదీ ఉండాయని చెప్పు" అంది. "ఈ పిల్లోడు మా కంభపోడు, మా సంచి దొరికితే తెచ్చిచ్చినాడని చెప్పు."

చెప్పాక గానీ తాను ఏం చేసిందో ఆమెకు తెలియలేదు. పొద్దున తనది కాని వస్తువును ఒకరి చేతిలో పెట్టింది. ఇప్పుడు మళ్లీ అదే పని చేసింది. ఈసారి తెలిసి, అది ఎవరిదో ఆ మనిషి ఎదుటే చేసింది.

నరేష్ హమ్మయ్య అని తల్లి భుజం పట్టుకున్నాడు. వాడి ఇంగ్లీషు హోటల్లో మంచినీళ్లు అడగడం దాకే. డేవిడ్ ఫోన్‌లో తమ్ముడితో మాట్లాడుతూ పక్కకు పోయాడు. పోలీసాయనకు తెలుగు ఒక్క ముక్క రాదు. అందుకని, చెంచులక్ష్మి అన్నది ఏమిటో చెప్పమన్నట్టుగా ఆయన రాధిక వైపే తిరిగాడు.

రాధిక సంచి వైపు చూసింది. గోడ దగ్గర నిలబడ్డ కుర్రాణ్ణి చూసింది. అత్త వైపు మాత్రం చూడలేదు. పోలీసాయనకు ఎదురుగా రెండడుగులు నడిచి, ఇంగ్లీషులో చెప్పడం మొదలుపెట్టింది.